పాత జిప్సీకి స్టీరింగ్ బాక్స్ మార్చడం: మూడు సెంటర్లూ ఒకచోట కలవాలి

పవర్ స్టీరింగ్ లేని పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి స్టీరింగ్ బాక్స్ (మనం తిప్పే స్టీరింగ్ కదలికని చక్రాల వైపు పంపే గేర్ పెట్టె) మార్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. కొన్ని బోల్టులు, ఒక పెద్ద నట్టు, ఒక పుల్లర్, ఒక ఆదివారం ఉంటే చాలు. అయినా కొత్త బాక్స్ వేయించుకున్నాక కూడా స్టీరింగ్ వంకరగా ఉందనో, మలుపు తిరిగాక దానంతట అది వెనక్కి రావట్లేదనో, కుడివైపు తిరిగినంత ఎడమవైపు తిరగట్లేదనో బాధపడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. చాలావరకు కారణం ఒకటే. బోల్టులు బాగానే బిగించి ఉంటారు, సెంటర్ మాత్రం చూసుకుని ఉండరు. బాక్స్‌కి ఒక సెంటర్ ఉంది, చక్రాలకి ఒకటి ఉంది, మన చేతిలో ఉండే స్టీరింగ్‌కి ఒకటి ఉంది. ఈ మూడూ ఒకే చోట కలిస్తేనే పని పూర్తయినట్టు. మిగతాదంతా స్పానర్ తిప్పడమే.

నా బండి 1998 మారుతి జిప్సీ, 1298 సీసీ ఎంజీ413డబ్ల్యూ, గుడ్డ టాపు. బెంగళూరులో పీణ్యాలోని ఒక టూల్ రూమ్‌లో పనిచేస్తాను, ఉండేది దాసరహళ్ళిలో, సొంతూరు హిందూపురం. దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు మీదుగా ఊరికి పోయివచ్చేదీ, లేపాక్షి చుట్టుపక్కల గుట్టల దారుల్లో తిరిగేదీ ఇదే బండి. కాబట్టి ఇక్కడ రాసేది ముఖ్యంగా జిప్సీ సంగతి. పాత మహీంద్రా జీపులున్నవాళ్ళకి కూడా పని వరస పనికొస్తుంది. కాకపోతే సీజే-3బీ తరహా బాగా పాత జీపుల్లో బాక్స్ లోపల జిప్సీలోలా ఉక్కు బాల్స్ ఉండవు. వర్మ్ (మరలాంటి గాడి ఉన్న షాఫ్ట్) గాడిలో లీవర్ మొనలు నడుస్తాయి, బాక్స్ కదలికని చక్రాల వైపు తీసుకెళ్ళే డ్రాగ్ లింక్ అనే కడ్డీ వెళ్ళి మధ్యలో ఉన్న బెల్ క్రాంక్ అనే లీవర్‌కి తగులుతుంది. అలాంటి బండిలో ప్లే (స్టీరింగ్ తిప్పినా చక్రం కదలని వదులు) వెతికేటప్పుడు ఆ బెల్ క్రాంక్ బుష్షుని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక మాట ముందే చెప్పాలి. బ్రేకు సరిగా పడకపోతే హ్యాండ్ బ్రేక్ ఉంది, గేరు తగ్గించి ఆపుకోవచ్చు. స్టీరింగ్ వదిలేస్తే దానికి బదులు ఏదీ లేదు. అందుకే ఈ పనిలో "ప్రస్తుతానికి ఇలా ఉండనీ, తర్వాత చూద్దాం" అనే మాటకి చోటివ్వకండి. నట్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ లేదా? బండి ఆ రోజుకి అక్కడే ఉంటుంది, పిన్ తెచ్చాకే కదులుతుంది.

ప్లే నిజంగా బాక్స్‌దేనా

బాక్స్ కొనే ముందు ఒక అరగంట కింద పడుకుని చూడండి. బండిని చదునైన నేల మీద పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు వేయండి. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ ఎత్తకూడదు. బండి బరువు చక్రాల మీద ఉంటేనే లింకుల్లో లోపం బయటపడుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ వదిలించండి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు ఊపుతూ ఉండాలి. మా ఇంట్లో ఈ పని మేనల్లుడిది. "మామయ్యా, ఊపమంటావా?" అని అడిగి మొదలుపెడతాడు, నేను "చాల్లేరా" అనేదాకా ఒకే లయలో ఊపుతాడు. ఆ లయ చాలా ముఖ్యం. గట్టిగా, అడ్డదిడ్డంగా ఊపితే ఏది ముందు కదిలిందో ఏది వెనక కదిలిందో తెలియదు.

పైనుంచి కిందికి వస్తూ, రెండు భాగాలు కలిసే ప్రతిచోటా ఒక వేలు ఇటు, ఒక వేలు అటు ఆనించి చూడండి. కంటికి కనపడని ఆలస్యం వేలికి తెలుస్తుంది. మొదట స్టీరింగ్ కాలమ్ కింద, దాన్ని బాక్స్ షాఫ్ట్‌తో కలిపే రబ్బరు కప్లింగ్. దాని పై భాగం కదిలాక కింది భాగం ఆలోచించి కదులుతుంటే రబ్బరు పోయింది, అది మారిస్తే సరిపోతుంది. తర్వాత బాక్స్, చాసిస్ కలిసే అంచు మీద గోరు పెట్టండి. బాక్స్ ఒళ్ళే జరుగుతుంటే బోల్టులైనా వదులై ఉండాలి, చాసిస్ అయినా పగిలి ఉండాలి. ఆ తర్వాత బాక్స్‌లోకి వెళ్ళే షాఫ్ట్ మీద ఒక చెయ్యి, పిట్‌మాన్ ఆర్మ్ మీద ఒక చెయ్యి వేయండి. బాక్స్ నుంచి బయటికొచ్చి డ్రాగ్ లింక్‌ని కదిపే లీవర్ ఇది, మన మెకానిక్కులు డ్రాప్ ఆర్మ్ అనేది దీన్నే. షాఫ్ట్ తిరుగుతున్నా ఆర్మ్ కదలకుండా ఉంటే ఆ ప్లే బాక్స్‌దే, అనుమానం లేదు. ఆర్మ్ వెంటనే కదులుతుంటే బాక్స్ జోలికి వెళ్ళకండి. డ్రాగ్ లింక్ ఎండ్లు, టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే కడ్డీ) ఎండ్లు, కింగ్ పిన్ (చక్రం పక్కకి తిరిగే ఇరుసు) బేరింగులు, చక్రం బేరింగులు, చివరికి కమాన్ బుష్షులు, ఈ వరసలో చూసుకుంటూ పొండి.

ఇంకొకటి. గుంత తగలగానే స్టీరింగ్ చేతుల్లో గడగడా వణికే జబ్బు జిప్సీలకి మామూలే. అది సాధారణంగా బాక్స్ వల్ల వచ్చేది కాదు. కింగ్ పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు, చక్రాల బ్యాలెన్సింగ్ చూసుకోవాలి. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేస్తే వణుకు తగ్గినట్టు అనిపిస్తుంది గానీ అసలు అరుగుదల అలాగే ఉండిపోతుంది.

ఎంత ప్లే ఉంటే ఎక్కువ? కేంద్ర మోటారు వాహన నియమావళిలో 98వ నియమం దీని గురించే. స్టీరింగ్ దగ్గర 30 డిగ్రీలు మించి ప్లే ఉండకూడదు, లింకుల్లోని బాల్ జాయింట్లన్నిటికీ రబ్బరు టోపీలు ఉండాలి, బోల్టులతోనో పిన్నులతోనో కలిపినచోట అవి ఊడిరాకుండా లాక్ చేసి ఉండాలి. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కోసం ఆర్టీఓ దగ్గరికి తీసుకెళ్ళే మనలాంటివాళ్ళు ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాలి. అయితే స్టీరింగ్ వ్యాసం 40 సెంటీమీటర్లనుకుంటే 30 డిగ్రీలంటే అంచు దగ్గర 10 సెంటీమీటర్ల పైమాటే. తుమకూరు రోడ్డు మీద లారీల మధ్య అంత ప్లేతో నడపడం నా దృష్టిలో ప్రమాదమే. అంచు దగ్గర 3 సెంటీమీటర్లు దాటితే నేను కారణం వెతకడం మొదలుపెడతాను.

అడ్జస్టర్ స్క్రూ జోలికి వెళ్ళే ముందు

బాక్స్ పైమూత మీద ఒక స్క్రూ, దానికొక లాక్ నట్టు కనిపిస్తాయి. ప్లే వచ్చిందనగానే చాలామంది చేసేది ఈ స్క్రూని బిగించేయడం. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అలా చేయరు.

స్టీరింగ్ షాఫ్ట్ చివర స్క్రూ లాంటి గాడి ఉన్న వర్మ్ ఉంటుంది. దాని మీద ఒక బాల్ నట్. రెండింటి మధ్యా గాడిలో ఉక్కు బాల్స్ దొర్లుతూ, ఒక చివర బయటికొచ్చి గొట్టం దారిన మళ్ళీ మొదటికి చేరుతూ ఉంటాయి. బాల్ నట్ బయటి పళ్ళు సెక్టర్ షాఫ్ట్ పళ్ళని పట్టుకుని దాన్ని తిప్పుతాయి, ఆ షాఫ్ట్ చివరే డ్రాప్ ఆర్మ్ ఉంటుంది. సెక్టర్ పళ్ళు కొంచెం ఏటవాలుగా కోసి ఉంటాయి కాబట్టి స్క్రూ తిప్పి షాఫ్ట్‌ని లోపలికి నెడితే పళ్ళు దగ్గరవుతాయి, ప్లే తగ్గుతుంది. ఇందులో కీలకం ఏమిటంటే, ఈ పళ్ళు సెంటర్ దగ్గర మాత్రమే బిగువుగా కలిసేలా, రెండు చివరలకీ పోయేకొద్దీ కాస్త వదులయ్యేలా ఫ్యాక్టరీలోనే కోస్తారు. నేరుగా పోయేటప్పుడు ప్లే ఉండకూడదు, మలుపు తిరిగాక స్టీరింగ్ సులువుగా వెనక్కి రావాలి. అందుకని అలా చేస్తారు.

నా పాత బాక్స్‌ని తీసేశాక విప్పి చూశాను. వర్మ్ గాడి రెండు చివరల్లో కొత్త సరుకులా నున్నగా మెరుస్తోంది. మధ్యలో మాత్రం మెరుగు పోయి, గోరుతో గీస్తే తగిలేలా సన్నని గుంటలు పడ్డాయి. సెక్టర్ మధ్య పన్ను మీద కూడా అంతే, ఒక పక్క అరిగి అంచు కత్తిలా తేలింది. బండి ఎక్కువ కాలం నేరుగానే పోతుంది కదా, అరిగేది కూడా అక్కడే. మా టూల్ రూమ్‌లో పాత లేత్ మిషన్ క్రాస్ స్లైడ్ స్క్రూ కూడా అచ్చం ఇలాగే మధ్యలో అరుగుతుంది. మధ్యలో ప్లే పోవాలని నట్టుని బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. అరిగిన స్టీరింగ్ బాక్స్‌లో స్క్రూ బిగిస్తే జరిగేదీ అదే. సెంటర్లో హాయిగా ఉంటుంది, మలుపులో బిగుసుకుంటుంది. మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రాదు. ఘాట్ రోడ్డులో అది చాలా ప్రమాదం.

కాబట్టి స్క్రూని ఒకసారి పరీక్షకి మాత్రమే వాడండి. డ్రాగ్ లింక్‌ని డ్రాప్ ఆర్మ్ నుంచి విడదీసి, బాక్స్‌ని దాని సెంటర్‌కి తెచ్చి, లాక్ నట్టు వదులు చేసి స్క్రూని కొద్దికొద్దిగా తిప్పండి. సెంటర్ దాటేటప్పుడు చేతికి స్వల్పమైన బరువు తెలిస్తే చాలు, అక్కడ ఆపి, స్క్రూ కదలకుండా స్క్రూడ్రైవర్‌తో పట్టుకుని లాక్ నట్టు బిగించండి. ఆ తర్వాత ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. బరువు సెంటర్లోనే తగిలి, పక్కలకి పోతే తేలికైతే బాక్స్ ఇంకా పనికొస్తుంది. పక్కలకి పోయేకొద్దీ బిగుసుకున్నా, ఎక్కడైనా గింజ అడ్డుపడినట్టు తగిలినా మార్చే వేళయింది.

బాక్స్ ఎక్కడ, ఎలా కొనాలి

బెంగళూరులో కొత్త సామాను అంటే జేసీ రోడ్డు, పాత సామాను అంటే శివాజీనగర్ గుజిరీ. మొదట జేసీ రోడ్డులో అడగండి. కొత్త బాక్స్ దొరికితే రెండో ఆలోచన వద్దు. పాత బాక్స్‌ని చేతిలో పట్టుకుని వెళ్ళడం మంచిది. కాగితం మీద రాసుకున్న మోడల్ నంబరు కంటే అసలు వస్తువు పక్కన పెట్టి చూపిస్తే పని తేలిగ్గా అవుతుంది. ఎంజీ410 నుంచి కింగ్ దాకా జిప్సీ చాలా ఏళ్ళు వచ్చింది. బోల్టు రంధ్రాల మధ్య దూరం, షాఫ్ట్ లావు, రెండు చివర్ల స్ప్లైన్లు (షాఫ్ట్ చుట్టూ ఉండే నిలువు పళ్ళు), డ్రాప్ ఆర్మ్ కూర్చునే తీరు ఒక్కొక్కటీ పోల్చుకోండి. విదేశాల్లో అమ్మే సుజుకి సామురాయ్ (మన జిప్సీ లాంటి బండే) బాక్సులు ఎడమవైపు స్టీరింగ్ బండ్లవి అయితే మనకి పనికిరావు.

గుజిరీలో కొనాల్సి వస్తే తొందరపడకండి. అక్కడి భాయ్‌లు ఓపికగానే చూపిస్తారు, "తీస్కోండన్నా, తిప్పి చూస్కోండి" అంటారు. చూడండి మరి. షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో మెల్లగా చివరి నుంచి చివరికి తిప్పండి. గరగర, టిక్కు టిక్కు లేకుండా వెన్నలా తిరగాలి. సెంటర్ దగ్గర కొద్దిగా బరువు తగలాలి, అది మంచి గుర్తు. అడ్జస్టర్ స్క్రూ ఇప్పటికే లోపలికంటా బిగించేసి ఉంటే ఆ బాక్స్ ఆయుష్షు తీరిపోయింది, పక్కన పెట్టండి. సెక్టర్ షాఫ్ట్ స్ప్లైన్లు నిలువుగా ఉన్నాయా, మెలి తిరిగాయా చూడండి. మెలి తిరిగితే ఆ బండి ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. బోల్టు చెవుల దగ్గర వెల్డింగ్ కనిపించినా వద్దు. ఆయిల్ సీల్ పాతదైతే ఫర్వాలేదు, సీల్ చౌక. కానీ సీల్ పెదవి ఆనే చోట షాఫ్ట్ మీద తుప్పు గుంటలుంటే కొత్త సీల్ కూడా కారుతుంది.

ప్లగ్ తీసి లోపల ఏముందో చూడటం మరిచిపోవద్దు. లీకేజీ ఆపడానికి కొందరు బాక్స్ నిండా గ్రీజు కూరుతారు. గ్రీజుని బాల్స్ పక్కకి తోసేస్తాయి, అది మళ్ళీ జారి చోటుకి రాదు. బాల్స్ పొడిగా నడుస్తాయి. గ్రీజు కూరిన బాక్స్ లోపల ఎలా ఉందో పైనుంచి ఎవరూ చెప్పలేరు.

విప్పడం

ముందు రోజు రాత్రే డ్రాప్ ఆర్మ్ నట్టుకి, డ్రాగ్ లింక్ నట్టుకి, మౌంటింగ్ బోల్టులకి తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున మళ్ళీ ఒకసారి. పాతికేళ్ళ తుప్పుని పది నిమిషాల్లో వదిలించడం ఎవరి తరమూ కాదు.

ముందు చక్రాలు నేరుగా ఉండేలా బండిని కొంచెం ముందుకి పోనిచ్చి ఆపండి. చేత్తో తిప్పి నేరు చేయడం కాదు, దొర్లుతూ వచ్చి నేరుగా ఆగాలి. ఇప్పుడు స్టీరింగ్ నడుమ పైన ఒక టేపు ముక్క అంటించండి. తెల్ల పెయింటుతో కప్లింగ్ మీద, దానిలోకి దిగే షాఫ్ట్ మీద కలిపి ఒక గీత, డ్రాప్ ఆర్మ్ మీద, సెక్టర్ షాఫ్ట్ చివర కలిపి ఒక గీత పెట్టండి. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసుకోండి. పెయింట్ ఆరాకే స్పానర్ పట్టుకోండి.

డ్రాప్ ఆర్మ్ పెద్ద నట్టుని బాక్స్ చాసిస్‌కి బిగించి ఉండగానే వదులు చేయాలి. బాక్స్ కిందికి దించాక ఆ నట్టు వదలాలంటే బెంచి వైసు కూడా చాలదు. పొడుగాటి టామీ రాడ్, సరైన సాకెట్ వాడండి. నట్టుని పూర్తిగా తీయకుండా కొన్ని చుట్లు వదిలి ఉంచండి, పుల్లర్ లాగినప్పుడు ఆర్మ్ ఒక్కసారిగా ఎగిరి పడకుండా అది ఆపుతుంది.

డ్రాగ్ లింక్ బాల్ జాయింట్‌కి స్ప్లిట్ పిన్ తీసి నట్టు వదులు చేయండి. దాని టేపర్ (చివరికి సన్నబడే పిడి) ఆర్మ్ కన్నులో పట్టేసి ఉంటుంది. ఫోర్కు లాంటి పనిముట్టు దూర్చి సుత్తితో కొడితే ఊడుతుంది గానీ రబ్బరు టోపీ చిరిగిపోతుంది. 98వ నియమం అడిగే టోపీ అదే, మట్టి లోపలికి పోకుండా కాపాడేదీ అదే. ఆర్మ్ కన్ను ఒక పక్కన బరువైన సుత్తి ఆనించి, రెండో పక్కన ఇంకో సుత్తితో గట్టిగా కొడితే టేపర్ వదిలేస్తుంది. బాల్ జాయింట్ మర మీద మాత్రం దెబ్బ పడకూడదు.

ఇక పుల్లర్. డ్రాప్ ఆర్మ్‌కి సరిపోయే పుల్లర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. పీణ్యా వర్క్‌షాపుల్లోనో, తెలిసిన గ్యారేజీలోనో ఒక పూటకి అడిగి తెచ్చుకోవచ్చు. పుల్లర్‌ని బిగించి, ఆగి, ఆర్మ్ పక్కన సుత్తితో ఒక దెబ్బ. మళ్ళీ పావు చుట్టు, మళ్ళీ దెబ్బ. సెక్టర్ షాఫ్ట్ చివర మాత్రం ఎంత కోపం వచ్చినా కొట్టకూడదు. ఆ దెబ్బ నేరుగా లోపలి అడ్జస్టర్ స్క్రూకి, మూతకి, పళ్ళకి తగులుతుంది. ఆ బాక్స్ మళ్ళీ వాడాలనుకున్నా, ఎవరికైనా ఇవ్వాలనుకున్నా పనికిరాకుండా పోతుంది. గ్యాస్ మంట కూడా వద్దు, పక్కనే ఆయిల్ సీల్ ఉంది.

కప్లింగ్‌ని షాఫ్ట్ మీద బిగించి పట్టే పించ్ బోల్టుని వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. షాఫ్ట్ మీద గాడిలోంచి ఆ బోల్టు వెళ్తుంది కాబట్టి అది ఉండగా షాఫ్ట్ రాదు. చివరిగా మౌంటింగ్ బోల్టులు. చివరి బోల్టు తీసేటప్పుడు కింద ఎవరైనా బాక్స్‌ని రెండు చేతులతో పట్టుకోవాలి, ముక్కు మీద పడితే చిన్న దెబ్బ కాదు.

బాక్స్ దిగాక ఆ చోటుని కిరసనాయిలుతో కడిగి, వైర్ బ్రష్ పట్టి, టార్చి వేసి చూడండి. ఇది దాటవేయకూడని పని. 235 సైజు లావు మట్టి టైర్లు వేసుకుని, బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పే అలవాటున్న బండ్లలో బోల్టు రంధ్రాల చుట్టూ చాసిస్‌కి వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. పగులు కనిపిస్తే అక్కడితో ఆగి, చాసిస్ పని తెలిసిన వెల్డర్‌కి చూపించి, ప్లేటు వేయించాకే ముందుకి. పగిలిన చాసిస్ మీద కొత్త బాక్స్ బిగించడం వృథా.

బాక్స్ సెంటర్ పట్టడం

కొత్త బాక్స్‌ని వైసులో పట్టండి, మృదువైన దవడలతో. షాఫ్ట్‌కి ఒక టేపు జెండా చుట్టండి. చేత్తో మెల్లగా ఒక చివరికి తిప్పండి. చివర దగ్గర గుద్దకూడదు, బాల్స్ వెనక్కి వచ్చే గొట్టాలు వంగిపోతాయి. అక్కడి నుంచి రెండో చివరిదాకా చుట్లు, అర చుట్లు, పావు చుట్లతో సహా లెక్కపెట్టండి. అందులో సగం వెనక్కి తిప్పితే అదే సెంటర్. ఆ చోట సెక్టర్ షాఫ్ట్ గుర్తు ఎటు ఉందో, షాఫ్ట్ గాడి ఎటు ఉందో చూసి పెయింట్ గీత పెట్టండి. డయల్ గేజ్ (సన్నని కదలికని సూదితో చూపే కొలత పరికరం) అందుబాటులో ఉంటే డ్రాప్ ఆర్మ్‌ని చేత్తో ఎక్కించి చివర సూది ఆనించి ఊపి చూడండి. సెంటర్లో సూది దాదాపు కదలకూడదు, అర చుట్టు పక్కకి పోయాక కొద్దిగా కదలాలి. నాకు ఇది చూడటం అన్నిటికంటే ఇష్టమైన భాగం. కొత్త బాక్స్‌లో ఆ తేడా ఎంత శుభ్రంగా తెలుస్తుందో చూస్తే, ఆ పళ్ళు కోసినవాళ్ళ పనితనానికి దండం పెట్టాలనిపిస్తుంది.

90 గ్రేడు గేర్ ఆయిల్‌ని బెంచి మీదే పోయడం సులువు. కొద్దిగా పోసి, షాఫ్ట్‌ని ఇటూ అటూ తిప్పి, బుడగలు పోయాక మళ్ళీ పోయండి.

ఎక్కించడం

బాక్స్‌ని సెంటర్ నుంచి కదలనీయకుండా పైకెత్తి, ముందు షాఫ్ట్‌ని కప్లింగ్‌లో దూర్చండి. స్టీరింగ్ మీది టేపు ముక్క నడుమ పైనే ఉండాలి. తర్వాత మౌంటింగ్ బోల్టులన్నీ వేళ్ళతోనే మరలెక్కించండి. ఒకటి పూర్తిగా బిగించి రెండోదానికి రంధ్రం కలవలేదని రాడ్ పెట్టి లాగడం పద్ధతి కాదు. అన్నీ కూర్చున్నాక, కొత్త స్ప్రింగ్ వాషర్లతో, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి టార్క్ రెంచ్‌తో బిగించండి. డ్రాప్ ఆర్మ్ నట్టుకీ అంతే. చేతి అంచనా మీద వదిలేసే చోటు కాదిది. పించ్ బోల్టు గాడిలోంచి వెళ్ళిందో లేదో కంటితో చూసి నిర్ధారించుకోండి.

ఆర్మ్‌ని గుర్తులు కలిపి స్ప్లైన్ మీద ఎక్కించి బిగించాక డ్రాగ్ లింక్ కలపబోతే, నేరుగా ఉన్న చక్రాలకీ నేరుగా ఉన్న బాక్స్‌కీ మధ్య డ్రాగ్ లింక్ కొంచెం పొడుగో పొట్టో అవ్వచ్చు. చాలామంది దారి తప్పేది ఇక్కడే. స్టీరింగ్‌ని తిప్పి కలిపేస్తారు, లేదా ఆర్మ్‌ని ఒక పన్ను పక్కకి జరుపుతారు. రెండిట్లో ఏది చేసినా బాక్స్ సెంటర్ పోతుంది, నేరు దారిలో ఆ బిగువు చోటు తగలదు, కొత్త బాక్స్‌లోనే ప్లే మొదలవుతుంది. సరిచేయాల్సింది డ్రాగ్ లింక్ పొడవు. లాక్ నట్లు రెండూ వదులు చేసి రాడ్‌ని తిప్పండి. ఒక చివర మర ఎడమచేతి వాటం కాబట్టి ఆ నట్టు తిరగబడి వదులవుతుంది, బలవంతం చేయకండి. సరిగ్గా కుదిరాక లాక్ నట్లు బిగించి, బాల్ జాయింట్ నట్టుని టార్క్‌కి బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేసి రెండు కాళ్ళూ వంచండి. పిన్ రంధ్రం కలవకపోతే నట్టుని ఇంకొంచెం బిగించి కలపాలి, వదులు చేసి కాదు.

ఇప్పుడు యాక్సిల్‌ని స్టాండ్ల మీద పెట్టి ముందు చక్రాలు గాలిలో ఉంచండి. స్టీరింగ్‌ని మెల్లగా పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి. రెండువైపులా చక్రం దగ్గరి స్టాపర్ ముందు తగలాలి, బాక్స్ లోపలి చివర కాదు. ఒకవైపు స్టాపర్ తగలకముందే స్టీరింగ్ ఆగిపోతే సెంటర్ ఎక్కడో తప్పినట్టే. విప్పి మళ్ళీ చూడండి. బ్రేకు గొట్టాలకి ఏదీ రాసుకోవడం లేదని కూడా ఇప్పుడే గమనించండి.

రోడ్డు మీద

ముందు వీధిలో, తర్వాత ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే సర్వీసు రోడ్డులో, ఆ తర్వాతే తుమకూరు రోడ్డు. ఫ్లైఓవర్ ఎక్కడం చివరికి. నేరుగా పోతుంటే స్టీరింగ్ టేపు నడుమ నుంచి కొంచెం పక్కకి ఉంటే మళ్ళీ డ్రాగ్ లింక్‌నే పావు చుట్టు తిప్పి సరిచేయండి. మలుపు తిరిగి చేతులు వదులు చేస్తే స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావాలి. రాకపోతే స్క్రూ బిగువైందేమో చూడండి. బండిని లిఫ్ట్ చేయించి (ఎత్తు పెంచి) ఉంటే కాస్టర్ కోణం (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గి కూడా అలా అవుతుంది, ఆ తప్పుని బాక్స్ మీద వేయకండి.

అలైన్‌మెంట్ షాపులో టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కాస్త లోపలికి తిరిగి ఉండే తేడా) మొత్తం మళ్ళీ సెట్ చేయాలని చెప్తారు. ఇది ఒకే ముక్క (సాలిడ్) యాక్సిల్ బండి. టో-ఇన్ ఉండేది రెండు చక్రాలనీ కలిపే టై రాడ్‌లో, మనం దాన్ని ముట్టుకోలేదు. కాబట్టి బాక్స్ మార్చినంత మాత్రాన టో-ఇన్ మారదు. ముందునుంచే అనుమానం ఉంటే చూపించుకోండి. సామురాయ్ మాన్యువల్ ఇచ్చేది 2 నుంచి 6 మిల్లీమీటర్లు.

ఒక ఐదువందల కిలోమీటర్లు తిరిగాక మౌంటింగ్ బోల్టులు, డ్రాప్ ఆర్మ్ నట్టు, డ్రాగ్ లింక్ లాక్ నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడండి. పెయింట్ గీతలు కలిసే ఉన్నాయా, సీల్ దగ్గర తడి ఉందా చూసి, ఆయిల్ తగ్గితే పోయండి. ఇకముందు బండి నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పకండి, ముఖ్యంగా లావు టైర్లున్నవాళ్ళు. పార్కింగ్‌లో అయినా సరే, చక్రం కొంచెం దొర్లడం మొదలయ్యాకే తిప్పండి.